యావజ్జీవ శిక్ష

తెలుగు పత్రికలో ‘యావజ్జీవ శిక్ష’ అని కనబడితే అది కోర్టు వార్తే అయివుంటుంది. అవే రెండు మాటల్ని ఒక హిందీ పండితుడి ముందో, బెంగాలీ ఉపాధ్యాయుడి ముందో పెట్టి చూడండి. బతికినంతకాలం చదువు అని అర్థం చెబుతారు. కన్నడం, మరాఠీ మాత్రం మన పక్షమే. అక్కడా శిక్ష అంటే దండనే. ‘సర్వ శిక్షా అభియాన్’ అన్న పేరు మన బడుల గోడలమీదికి ఎక్కినప్పుడు తెలుగు చెవికి అది కాస్త ఎబ్బెట్టుగా తోచింది అందుకే.

అలాగని చదువు అన్న అర్థాన్ని మనం పూర్తిగా పోగొట్టుకోలేదు. శిక్షణ, శిక్షకుడు, సుశిక్షితుడు, పెద్ద బాలశిక్ష అన్నీ మన వాడుకలో ఉన్నవే. బ్రౌన్ నిఘంటువు తీస్తే శిక్ష కింద రెండర్థాలూ కనిపిస్తాయి. ఆ రెండూ ఒకే పుస్తకంలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో కలిసి బతుకుతున్న చోటు తెలుగు బైబిలు. క్రైస్తవ విశ్వాసంలో నేర్చుకోవడం, నేర్పడం ఎంతకాలం సాగాలి, ఎప్పటికైనా ముగుస్తాయా అని ఆలోచించిన ప్రతిసారీ నేను ఈ మాట దగ్గరికే వచ్చి ఆగుతుంటాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. పాణినీయ ధాతుపాఠంలో శిక్ష్ అనేది విద్యను గ్రహించడం అనే అర్థంలో విడి ధాతువుగా ఉంది. భాషాచరిత్రకారులు ఇంకొక మెట్టు కిందికి దిగి, ఇది శక్ ధాతువుకు సన్నంతరూపం అంటారు. శక్ అంటే చేయగలగడం. శక్తి, శక్యం అందులోంచి వచ్చినవే. సన్నంతం కోరికను చెబుతుంది. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, విడుదల కావాలనే కోరిక ముముక్ష. అదే వరసలో చేయగలగాలనే కోరిక శిక్ష. అంటే ఈ మాట మొదట నేర్పేవాడి చేతిలోది కానేకాదు, నేర్చుకునేవాడి లోపలిది. తనకు ఇంకా చేతకానిది ఒకటుందని తెలిసి, అది చేతనవ్వాలని తపించే మనిషి స్థితి అది. వేదాంగాల్లో మొదటిదానికి ఈ పేరు పెట్టడం కూడా నాకు తగినట్టే తోస్తుంది. ఉచ్చారణ వినగానే రాదు. నాలుక తిరగాలి, మళ్ళీ మళ్ళీ అనాలి.

ఇదే కుటుంబంలో ఇంకొక మాట ఉంది, శుశ్రూష. దాని అసలు అర్థం వినాలనే కోరిక. గురువు మాట వినాలని కోరేవాడు గురువు దగ్గరే ఉంటాడు, నీళ్ళు తెస్తాడు, కాళ్ళు పిసుకుతాడు. అలా వినికిడి సేవగా మారింది. ఇవాళ ఆసుపత్రిలో రోగికి చేసేదాన్ని శుశ్రూష అంటున్నాం. వినాలనే కోరిక సేవైంది, చేయగలగాలనే కోరిక దండనైంది. మొదటి మాటకు కలిగిన భాగ్యం రెండోదానికి కలగలేదు.

శిక్ష దండనగా మారిన దారి ఊహకు అందనిది కాదు. బడి, బెత్తం పక్కపక్కనే ఉన్న కాలం మనకు దూరమేమీ కాదు. వింత ఏమిటంటే, తెలుగుతో ఏ సంబంధమూ లేని రెండు భాషల్లో కూడా ఇదే కథ నడిచింది.

గ్రీకులో పైదేయ అనే మాట పైస్ అనే మాటనుంచి వచ్చింది. పైస్ అంటే బిడ్డ. బిడ్డను మనిషిగా తీర్చిదిద్దే చదువంతా, అక్షరం, సంగీతం, వ్యాయామం, నడవడి కలిపి, పైదేయ. క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందు అలెగ్జాండ్రియా ప్రాంతపు యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకున్నప్పుడు వాళ్ళకు హెబ్రీలోని ‘మూసార్’ ఎదురైంది. మూసార్‌లో ఉపదేశం ఉంది, మందలింపు ఉంది, దెబ్బ కూడా ఉంది. దానికి వాళ్ళు పైదేయను వాడారు. ఆ రోజునుంచి గ్రీకు పైదేయకు హెబ్రీ తండ్రి చేయి తోడైంది. లాటిన్‌లోకి వెళితే దాన్ని ‘డిసిప్లినా’ అన్నారు. అది నేర్చుకోవడం అనే క్రియ నుంచి పుట్టిన మాట, శిష్యుణ్ణి చెప్పే మాటకు తోబుట్టువు. మధ్యయుగపు మఠాలకు వచ్చేసరికి సన్యాసులు తమను తాము కొట్టుకునే కొరడాకే ఆ పేరు నిలిచింది.

మన అనువాదకులు మూసార్ దగ్గర ఒక పని చేశారు. సామెతల గ్రంథం మొదటి అధ్యాయంలో జ్ఞానంతో జతగా అది వచ్చినప్పుడు ‘ఉపదేశము’ అన్నారు. మూడో అధ్యాయంలో తండ్రి కుమారుల పోలికతో వచ్చినప్పుడు ‘శిక్ష’ అన్నారు. కొత్త నిబంధనలో పైదేయ, దాని క్రియ వచ్చినచోట్ల తెలుగు ఏమైందో వరసగా చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. గమలియేలు పాదాల దగ్గర పౌలు చదువుకున్న సంగతి చెప్పేచోట అతను ‘శిక్షితుడు’. స్తెఫను తన ప్రసంగంలో మోషే ఐగుప్తు విద్యలు నేర్చిన సంగతి చెబితే, అక్కడ ‘అభ్యసించి’. పిల్లల్ని పెంచమని ఎఫెసీ సంఘపు తండ్రులకు చెప్పేచోట ‘శిక్ష’, పక్కనే ‘బోధ’. తిమోతికి రాసిన రెండో పత్రికలో లేఖనం ఎందుకు ఉపయోగపడుతుందో చెబుతూ నీతియందు చేసే ‘శిక్ష’. అదే పత్రికలో ఎదురాడేవాళ్ళతో ఎలా నడుచుకోవాలో చెప్పేచోట ‘సాత్వికముతో శిక్షించుచు’ అన్నారు. సాత్వికం, శిక్ష! ఇప్పటి తెలుగులో ఈ రెండు మాటలూ ఒక గదిలో ఇమడవు. ఆ రోజు ఇమిడాయి.

ఇదే క్రియను లూకా సువార్త 23వ అధ్యాయంలో పిలాతు కూడా పలుకుతాడు. ఈ మనిషిలో నేరమేమీ కనబడలేదు కాబట్టి ‘శిక్షించి’ విడిచిపెడతానంటాడు. అక్కడ అది కొరడాదెబ్బలు. పౌలుకు గమలియేలు చేసినదానికీ, యేసుకు పిలాతు చేయించదలచినదానికీ గ్రీకులో ఒకటే క్రియ, తెలుగులో ఒకటే ధాతువు. యెషయా 53లో మన సమాధానం కోసం సేవకుడిమీద పడినది కూడా హెబ్రీలో మూసారే, గ్రీకులో పైదేయే, తెలుగులో శిక్షే. ఇక హెబ్రీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం, కుమారుడై ఉండి కూడా ఆయన తాను పడిన బాధల వల్ల విధేయత నేర్చుకున్నాడని చెబుతుంది. గ్రీకులో ‘బాధపడ్డాడు’, ‘నేర్చుకున్నాడు’ అనే క్రియలు ప్రాస కుదిరే జంట. విషాదనాటకాల కాలంనుంచీ గ్రీకులు వాటిని జతగా పలుకుతున్నారు. బోధకుడని అందరూ పిలిచినవాడు నేర్చుకున్నాడు అని రాయడానికి ఆ పత్రిక రచయిత జంకలేదు. నేర్చుకోవడం అజ్ఞానికే గాని పూర్ణుడికి అక్కర్లేదన్న తలంపును ఈ ఒక్క వచనం నిలవనివ్వదు. శిక్షలోని రెండర్థాలూ ఒకే దేహంలో కలిసిన చోటు అది. అందుకే ఆ మాటను రెండుగా చీల్చడానికి నా మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు బాలశిక్ష సంగతి. 19వ శతాబ్దినుంచి తెలుగు ఇళ్ళలో అక్షరాలకు, ఎక్కాలకు, నీతివాక్యాలకు దిక్కైన పుస్తకం పేరులో ఉన్న ఆ సమాసమే గలతీ పత్రిక మూడో అధ్యాయంలోనూ ఉంది. ధర్మశాస్త్రం మనకు ‘బాలశిక్షకుడు’ అయిందని తెలుగు బైబిలు అంటుంది. మూలంలో అది పైదగోగోస్. గ్రీకు ఇళ్ళలో ఈ పైదగోగోస్ సాధారణంగా బానిస. పిల్లవాణ్ణి చేయిపట్టి బడికి తీసుకుపోవడం, పలకా వీణా మోయడం, దారిలో అల్లరి చేస్తే అదిలించడం, సాయంత్రం ఇంటికి చేర్చడం అతని పని. పాఠం చెప్పేవాడు వేరే. పౌలు ఈ బొమ్మను వాడింది ఆ పని ముగుస్తుందని చెప్పడానికి. పిల్లవాడు ఎదిగాక అతని అవసరం ఉండదు. విశ్వాసం వచ్చాక మనం ఇక బాలశిక్షకుడి కింద లేమన్నది పౌలు వాదన.

అయితే హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం ఎదిగిన విశ్వాసులకే పైదేయ గురించి చెబుతుంది. శిక్ష లేనివాళ్ళు కుమారులే కారంటుంది. పౌలు ముగిసిందన్నది ఈ పత్రిక ఎందుకు కొనసాగిస్తోంది? నాకు తోచినది ఇది. ముగిసింది బడిదాకా నడిపించిన బానిస పని. చదువు ఆ తర్వాతే మొదలైంది. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంతు ‘పైదగోగోస్’ అనే పేరుతోనే పుస్తకం రాసి, ఆ పదవిని సాక్షాత్తూ క్రీస్తుకు ఇచ్చాడు. తినడం, నిద్రపోవడం, నవ్వడం, నగలు పెట్టుకోవడం దాకా అందులో ఉపదేశాలున్నాయి. బానిస చేసే పనికి పెట్టిన పేరును క్రీస్తుకు పెట్టడం అవమానమని ఆయన అనుకోలేదు. శిష్యుల కాళ్ళు కడిగినవాడికి అది పరాయి పేరు కాదు.

హెబ్రీ పత్రిక రచయిత తన పాఠకులను గట్టిగానే నిలదీస్తాడు. ఈపాటికి బోధకులు కావలసినవాళ్ళు మళ్ళీ మొదటి పాఠాలు అడుగుతున్నారని ఆయన బాధ. పాలు, గట్టి ఆహారం అన్న పోలిక అక్కడిదే. ఆ వెంటనే వయసు వచ్చినవాళ్ళ జ్ఞానేంద్రియాల గురించి చెబుతూ తెలుగు అనువాదం ‘సాధకము’ అనే మాట వాడింది. సంగీతం నేర్చినవాళ్ళకు ఆ మాట ఇంటిమాట. కచేరీలు చేసే విద్వాంసుడు కూడా తెల్లవారుజామున లేచి సాధకం చేస్తాడు. గ్రీకులో అది వ్యాయామశాల మాట. అదే మాట 12వ అధ్యాయంలో శిక్ష గురించి చెప్పేచోట మళ్ళీ వస్తే ‘అభ్యాసము’ అన్నారు. సాధకం, అభ్యాసం, శిక్ష: ఈ మూడూ పక్కన పెట్టుకుని చదివితే ఆ అధ్యాయం తీర్పు చెప్పే చోటులా కాక, పరుగుపందానికి సిద్ధమయ్యే మైదానంలా కనబడుతుంది. నిజానికి ఆ అధ్యాయం మొదలయ్యేదే పరుగుపందెంతో.

ఇది పండితులకే పట్టే సంగతి అనుకోకండి. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో, చావు జరిగి ఇంకా మూడు రోజులు కాకముందే, ఇది దేవుడి శిక్ష అని చెప్పగలిగినవాళ్ళున్నారు. నేను విన్నాను. ఆ మాట ఆ తల్లి చెవిలో కోర్టు అర్థంతోనే పడుతుంది. నేరం ఏమిటో వెతుక్కుంటుంది. కాని శిక్ష గురించి చెప్పిన ఆ హెబ్రీ పత్రిక ఎవరికి రాశారో వాళ్ళు నేరస్థులు కారు. ఆస్తులు కొల్లపోయినా ఓర్చుకున్నవాళ్ళని అదే పత్రిక పదో అధ్యాయం చెబుతుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులా అన్న ప్రశ్నకు యేసు కాదనే చెప్పాడు. దండన అనే అర్థం ఒక్కటే తెలిసినవాడు హెబ్రీ పత్రికలోని శిక్ష మాటను పట్టుకుని చావు ఇంటికి వెళ్ళకూడదు. వెళ్ళినా నోరు మెదపకుండా కూర్చోవాలి. కొన్ని కొత్త అనువాదాలు ఈ మాటను తీసి క్రమశిక్షణ, శిక్షణ అని పెట్టడానికి కారణం ఇదే అయివుంటుంది. వాళ్ళ జాలి నాకు అర్థమవుతుంది. కాని శిక్షణ అంటే ఇవాళ కుట్టుమిషను శిక్షణ, కంప్యూటరు శిక్షణ. మూడు నెలలకు ముగిసి చేతిలో సర్టిఫికెట్టు పెడుతుంది. నొప్పీ లేదు, అంతులేనితనమూ లేదు. మాటకున్న పాత అర్థాన్ని మళ్ళీ నేర్పడమే మేలు.

ఎలా నేర్పాలో అగస్టీను దగ్గర చూడవచ్చు. ఆయన 354లో ఉత్తరాఫ్రికాలోని తగాస్తేలో పుట్టాడు. ఇవాళ అది అల్జీరియాలో ఉంది. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిన్నాడు. ఆయన దేవుడికి చేసిన తొలి ప్రార్థనల్లో ఒకటి, ఈవేళ బడిలో దెబ్బలు తగలకుండా చూడమని. పెద్దవాళ్ళు నవ్వారట. దశాబ్దాలు గడిచి, బిషప్పు అయ్యాక కూడా ‘ఒప్పుకోళ్ళు’లో ఆ సంగతి రాశాడంటే ఆ నవ్వు ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. బలవంతం మీద నేర్పిన గ్రీకు తనకు పట్టుబడలేదనీ, దాదుల ముద్దుమాటల మధ్య లాటిన్ తనంతట తానే వచ్చిందనీ అక్కడే చెప్పాడు. భాషను నేర్పేది భయం కన్నా కుతూహలమే అన్నది ఆయన అనుభవంతో తేల్చిన మాట. సంస్కృతంలో శిక్ష అనే మాటకు మూలంలో ఉన్నదీ ఆ కోరికే.

సుమారు 400లో కార్తేజినుంచి దేవోగ్రాతియాసు అనే పరిచారకుడు ఆయనకు ఒక ఇబ్బంది చెప్పుకున్నాడు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్ళకు మొదటి పాఠాలు చెప్పడం అతని పని. చెప్పిందే చెప్పి విసుగు పుడుతోంది, తన మాటలు తనకే చప్పగా ఉన్నాయి. బోధించిన ప్రతివాడికీ తెలిసిన బాధే ఇది. దానికి జవాబుగా అగస్టీను ఒక పుస్తకమే రాశాడు. మనకు అలవాటైన నగరాన్ని, ఎన్నోసార్లు చూడకుండానే దాటిపోయిన అందమైన చోట్లను, మొదటిసారి వచ్చిన మిత్రులకు చూపిస్తున్నప్పుడు వాళ్ళ ఆనందంతో మన ఆనందం కూడా కొత్తదవుతుంది కదా అంటాడు. ప్రేమ ఉంటే వినేవాళ్ళు మన నోటితో మాట్లాడినట్టూ, మనం వాళ్ళలో ఉండి నేర్చుకున్నట్టూ అవుతుందంటాడు. నేర్పేవాడు ఆ గదిలో రెండో విద్యార్థి. ఇంకొక చిన్న సలహా నాకు మరీ ఇష్టం. వినేవాడు నిలబడి అలసిపోతే కుర్చీ వేయమంటాడు. అసలు మొదటినుంచే కూర్చోబెడితే ఇంకా మంచిదంటాడు. దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక కుర్చీ సంగతి ఆలోచించాడు.

లూథరుది ఇంకో తీరు. 1529లో ప్రశ్నోత్తరాల పుస్తకాలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రాశాక, పెద్దదాని ముందుమాటలో తాను డాక్టరునూ బోధకుణ్ణీ అయినా పది ఆజ్ఞలూ విశ్వాసప్రమాణమూ ప్రభువు ప్రార్థనా రోజూ పిల్లవాడిలా అప్పజెప్పుకుంటానని రాశాడు. ఆ పుస్తకానికి విద్యార్థిగానే ఉండిపోతానన్నాడు. అపొస్తలుల కార్యాలలోని అపొల్లో కథ కూడా ఈ కోవదే. అతను అలెగ్జాండ్రియావాడు, వాక్చతురుడు, లేఖనాల్లో దిట్ట. డేరాలు కుట్టి బతికే ప్రిస్కిల్ల, అకుల అతని ప్రసంగం విని, నలుగురిలో తప్పుపట్టకుండా తమ వద్దకు తీసుకుపోయి ఇంకా వివరంగా చెప్పారు. అతను విన్నాడు. సాత్వికంతో శిక్షించడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఇంటిని చూపిస్తాను.

మన నేలమీద ఎవరు నేర్పాలన్న ప్రశ్న చాలా తొందరగా, చాలా పెద్దదిగా వచ్చింది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగపల్లెలవాళ్ళు. అక్షరం దగ్గరికి ఎవరూ రానివ్వనివాళ్ళు. వాళ్ళకు ఎవరు నేర్పాలి? దొరలు గుప్పెడుమంది. నేర్పింది యర్రగుంట్ల పేరయ్యలాంటివాళ్ళు. 1866లో బాప్తిస్మం పొందిన పేరయ్య అంతకుముందు ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చినవాడు. గురువు దగ్గర కూర్చోవడమంటే ఏమిటో అతనికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తన ఊళ్ళల్లో తానే గురువు పీటమీద కూర్చోవలసి వచ్చింది.

దోర్నకల్‌లో అజరయ్యగారు దీన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోయారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, 1909లో దోర్నకల్ వచ్చి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన పద్ధతిలో బాప్తిస్మం పొందినవాళ్ళు అప్పుడే తమ చేయి తమ తలమీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలికేవారు. ఎక్కువమందికి చదువు రాదు. పాటగా, నాటకంగా, నోటిపాఠంగా నేర్చినదే వాళ్ళకున్న సొత్తు. అంత కొద్దిపాటి సొత్తుతోనే, ఆ రోజునుంచే, ఇంకొకరికి చెప్పాలి. పూర్తిగా నేర్చాక నేర్పుదాం అనే వాయిదాకు అక్కడ చోటులేదు.

ఇవాళ మన సంఘాల్లో సండేస్కూలు దాటాక చాలామందికి నేర్చుకోవడం ప్రసంగం వినడంతో సరి. పిల్లలకు కంఠతవాక్యం, పెద్దలకు కుర్చీ. ఆ పద్ధతి మారాలని నేను మనసారా కోరుకుంటున్నాను. స్త్రీల కూటాల్లో మాత్రం ఇంకా కొంత మిగిలివుంది. చదవడం రాని పెద్దావిడ మనవరాలి చేత కీర్తన చదివించుకుని, పదిసార్లు అని, పైవారం కూటంలో తప్పులేకుండా చెబుతుంది. చేయగలగాలనే కోరిక అంటే అదే.

ఎప్పుడైనా మన బైబిలు మాటల్ని మళ్ళీ సరిచూసే పని పెట్టుకుంటే, హెబ్రీ పత్రికలోని శిక్షను ఉండనిచ్చి, కింద అభ్యాసం అనే అర్థాన్ని చిన్న అక్షరాల్లో ఇమ్మని అడుగుతాను. లూకాలో పిలాతు మాటనూ కదపవద్దంటాను. ఒక్కచోట మాత్రం మార్పు అడుగుతాను. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, రక్షణ తెచ్చిన దేవుని కృప ఎలా బతకాలో మనకు నేర్పుతోందని ఉంది. అక్కడ గ్రీకులో ఉన్నదీ ఇదే క్రియ. పిలాతు పలికినది, గమలియేలు దగ్గర పౌలు పొందినది. తెలుగులో దాన్ని ‘బోధించు’ అన్నారు. అది తప్పు కాదు. కాని అక్కడ కూడా ‘శిక్షించు’ అని ఉంటే, కృప కర్తగా ఆ క్రియ తెలుగులో ఒక్కసారైనా వినబడితే, మిగతా చోట్లన్నిటిలో ఆ మాటను ఏ గొంతుతో చదవాలో మనకు తెలిసేది.